తుపాకీ లేని మౌంటు

రాజకుమారి ఆ మాట అడగడానికే టెక్కలి నుంచి వచ్చిందని రెండో టీ దగ్గర గానీ నాకు తెలియలేదు. ఆవిడ నాకు కాబోయే వియ్యపురాలు, మా అమ్మాయి కుసుమకి కాబోయే అత్తగారు. పట్టుచీరల రంగులు, పెళ్లివారి బస్సు, వంటవాళ్ల సంగతి అన్నీ అయిపోయాక గ్లాసు బల్ల మీద పెట్టి కుర్చీ కొంచెం ముందుకి జరుపుకుంది.

“వదినా, నాకైతే ఏటీ పట్టింపు లేదు. మా అత్త అడగమంది. పసుపు కొట్టినపుడు మొదటి రోకలి మీ అమ్మగారే పడతారని కుసుమ మావాడితో అందట.”

“అవును. అమ్మమ్మ పట్టాలని దాని కోరిక.”

“అదే. పట్టొచ్చా అని.”

అమ్మ పెరట్లో గోంగూర కోస్తోంది. మా పెరడు పది అడుగులు ఉంటుంది. వినపడే ఉంటుంది. గోంగూర తుంపుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.

“కనుక్కుని చెబుతాను” అన్నాను. ఎవరి దగ్గర కనుక్కోవాలో నాకే తెలియదు. రాజకుమారి మొహంలో మాత్రం బరువు దిగింది. అడగాల్సింది అడిగేసింది. సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది.

మా నాన్న పేరు జగన్నాధం. ఆయన్ని నేను చూడలేదు. డెబ్బై ఒకటి యుద్ధంలో కనిపించకుండా పోయిన నాటికి నేను అమ్మ కడుపులో ఉన్నాను. ‘కనిపించుట లేదు’ అని ఒక కాగితం వచ్చింది. కొన్నేళ్ల తర్వాత ‘మరణించినట్లు భావించడమైనది’ అని ఇంకో కాగితం వచ్చింది. భావించడమైనది అన్న మాటకి నా బొట్టు తీయను అంది అమ్మ. అప్పటికి ఆమెకి పాతికేళ్లు. మా నాయనమ్మ ఏడ్చింది, మావయ్యలు కేకలేశారు. అమ్మ పొద్దున్నే పసుపు రాసుకుని బొట్టు పెట్టుకుని పొలానికి వెళ్లిపోయేది. ఆ తర్వాత అందరూ అలవాటు పడ్డారు. పేరంటాలకి కొందరు పిలిచేవారు, కొందరు మరిచిపోయినట్టు ఉండేవారు. పిలిచిన ఇంటికి వెళ్లేది, పిలవని ఇంటి గురించి మాట్లాడేది కాదు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న అంటే ఒక ఉత్తరం. యుద్ధానికి ముందు రాసిన చివరి ఇన్‌లాండ్ కవరు. అమ్మకి చదువు రాదు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చిన రోజు నుంచీ నా చేత చదివించుకునేది. ‘నాకు దుర్బిణీ తుపాకీ ఇచ్చారు. దీని నంబరు ఆర్ 34517. దుర్బిణీని తుపాకీకి పట్టి ఉంచే ఇనప బిగింపు ఉంటుంది, మౌంటు అంటారు. దాని మీద కూడా ఇదే నంబరు కొట్టి ఉంటుంది. ఒకదానిది ఇంకోదానికి పెడితే గురి తప్పుతుందట. ఆడపిల్ల పుడితే నీలవేణి అని పెట్టు.’ ఇంకా రెండు వాక్యాలు ఎరువు గురించి. ఎక్కాలు రాకముందు నాకు ఆ నంబరు వచ్చు.

రాజకుమారి వచ్చి వెళ్లిన మూడో రోజు మధ్యాహ్నం, అన్నం తిని చేతులు కడుక్కుని ఫోను చూశాను. జిల్లా మాజీ సైనికుల కుటుంబాల వాట్సాప్ గ్రూపులో నేనూ ఉన్నాను. ఎవరికో పుట్టినరోజు శుభాకాంక్షలు, ఏదో రక్తదానం, వాటి కింద మూడు ఫోటోలు. ‘ఆమదాలవలసలో మన భవనానికి పేలకుండా చేసిన పాత స్నైపర్ తుపాకులు మూడు వచ్చాయి. వాటి మౌంట్లు ఇవి. నంబర్లు గుర్తుపట్టినవారు చెప్పగలరు. – గంగులు, ఆర్మరర్, రిటైర్డ్.’

మూడో ఫోటోలో మౌంటు మీద ఆర్ 34517 అని ఉంది.

ఫోను పక్కన పెట్టి ఎంగిలి గిన్నెలు తోమాను. తర్వాత మళ్లీ చూశాను. అదే నంబరు.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మంగళవారం జాకెట్లు కుట్టడానికి ఇచ్చి వస్తానని చెప్పి, ఉత్తరం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని నరసన్నపేటలో బస్సెక్కాను. శ్రీకాకుళం కాంప్లెక్సులో దిగి ఇంకో బస్సు మారాను. దారిలో ఏమనుకున్నానో ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామన్నా గుర్తు రాదు. ముందు సీట్లో ఒకామె పనసకాయని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది జారకుండా ఎలా పట్టుకుందో అదే చూస్తూ వెళ్లాను.

భవనం స్టేషనుకి దగ్గరే. ఇంకా సున్నం వాసన వస్తోంది. లోపల పొడుగాటి బల్ల మీద పాత కంబళి పరిచి, దాని మీద మూడు తుపాకులు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక ముసలాయన భూతద్దం పట్టుకుని వంగి చూస్తున్నాడు. ఆయనే సైన్యంలో తుపాకులు బాగుచేసిన గంగులుగారు. చెవికి మిషను. డెబ్బై అయిదు దాటి ఉంటాయి.

“ఎవలమ్మా?”

“గ్రూపులో ఫోటో చూసి వచ్చానండి. మూడో మౌంటు నంబరు నాకు తెలుసు.”

“ఫోన్లో సెప్తే సరిపోయేది కదా. ఇంత ఎండలో వచ్చినావేటి?”

“అది మా నాన్నది.”

ఆయన భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. వెళ్లి ఫ్యాను వేశాడు. కుర్చీ ఒకటి తుడిచి ఇటు లాగాడు. నేను ఉత్తరం ఇచ్చాను. నిలబడే చదివాడు, రెండుసార్లు.

“సేతిరాత బాగున్నాది” అన్నాడు. “కూకో. ముందు ఆ రెండూ సూపిస్తాను. అవి సూస్తే గాని మూడోదాని సంగతి నీకు అర్దం కాదు.”

నాకు ముందు మూడోదే చూడాలని ఉందో లేదో కూడా తెలియలేదు. సరేనన్నాను.

“ఇదిగో, ఎడం పక్క సూడు. తుపాకీ ఒంటికి రెండు ఇనప దిమ్మలున్నాయా? ముందొకటి, ఎనకొకటి. మౌంటు ఈటి మీద కూకుంటాది. రెండు మరలు, బొటనేలితో తిప్పుకునేవి. తిప్పితే సాలు, దుర్బిణీతో సహా మౌంటు సేతికొచ్చెస్తాది. పానా అక్కర్లేదు. ఇప్పుడు నంబరు సదువు. ఒంటి మీద ఎంత?”

చదివాను.

“మౌంటు మీద?”

అదే నంబరు.

“ఇక్కడ బుజానికి ఆనించుకునే కర్ర మీద సూడు. ఇక్కడ ఉన్నది దుర్బిణీ నంబరు. దుర్బిణీ గొట్టం మీద అదే ఉందా? ఉన్నాది. అన్నీ కలిసినాయి. ఇది పుట్టినకాడి నుంచి ఒకటే కాపరం.”

రెండోదాని దగ్గరికి జరిగి నవ్వాడు. పళ్లు రెండే ఉన్నాయి కింద.

“ఇది దొంగముండ. దిమ్మలకి బిగించిన మరలు సూడు. బజారు మరలు. మామూలు తుపాకీకి ఎవడో తరవాత దిమ్మలెట్టి, మౌంటెక్కించి, నంబరు సేత్తో కొట్టుకున్నాడు. ఒక అంకె లోతు, ఒక అంకె పైపైన. వరస కూడా ఒంకరే. పేరంటానికి అరువు నగలెట్టుకొచ్చినట్టు లేదూ?”

ఆయన నవ్వు చూసి నేనూ నవ్వాను. పేరంటం అన్న మాట దగ్గర కాస్త ఆలస్యంగా.

మూడోది చూపించేటప్పుడు గంగులుగారు నవ్వలేదు.

“ఒంటి మీద సదువు.”

“ఆర్ 36208.”

“మౌంటు మీద?”

చదవక్కర్లేదు. అయినా చదివాను.

“ఈ అంకెలు దొంగవి కావు. పేక్టరీలో కొట్టినవే. దుర్బిణీ నంబరు మరి ఈ కర్ర మీద నంబరుతో కలవలేదు. అంటే ఏటి? మౌంటూ దుర్బిణీ కలిసే వచ్చినాయి, కానీ ఈ తుపాకీవి కావు. మీ నాన్న తుపాకీవి. ఆ తుపాకీ రాలేదు. బోడిగా ఉన్న ఈ ఒంటికి డిపోలో ఎవడో దీన్ని తగిలించీసినాడు. నానూ మొన్న గురి సరిసూద్దామని పట్టుకుంటే అదోలాగుంది. అప్పుడే అనుమానమొచ్చి ఫోటో ఎట్టినాను.”

“నాకు తెలియాల్సింది ఒక్కటేనండి. ఆయన ఉన్నాడా, లేడా?”

ఇంత సూటిగా ఎప్పుడూ ఎవరినీ అడగలేదు. గొంతు మామూలుగానే వచ్చింది, కూరగాయలు బేరం అడిగినట్టు.

“ఇనపముక్క అది సెప్పదమ్మా. సెప్పిందేటో అది సెప్తాను. ఇది దానంతటది ఊడి పడేది కాదు. ఎవలో సేత్తో తిప్పి తీసినారు. మరల మీద గాటు లేదు, రాయెట్టి కొట్టింది లేదు. నిమ్మళంగా తీసినారు. స్నైపర్లు జంటగా ఎల్తారు, ఒకడు కాలుస్తాడు, ఒకడు సూస్తాడు. తుపాకీ తేలేని పరిస్తితి వస్తే దుర్బిణీ అయినా అవతలోడి సేతిలో పడనియ్యకూడదు. అలగే నేర్పేవోరు మాకు. మీ నాన్నే తీసి రెండోవోడి సేతికిచ్చి పంపించుండొచ్చు. లేకపోతే రెండోవోడే, పడిపోయినోడి తుపాకీ మీంచి తీసుకునుండొచ్చు.”

“ఆ రెండోవాడు ఎవరో తెలుస్తుందా?”

“అప్పటి రిజస్టరు ఉంటే తెలుస్తాది. అది మరి లేదు. నాను అడిగినాను.”

“మీకేమనిపిస్తోంది?”

ఆయన చెవిమిషను తీసి, చొక్కాతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“యుద్దం అయినాక నా బల్ల మీదకి ఇలాటివి మూడొచ్చినాయి. తుపాకీ లేకుండా మౌంటూ దుర్బిణీ. మూడింటికీ మడిసి రాలేదు. అదీ నాకు తెలిసింది. అక్కడేటి జరిగిందో నాను సూళ్లేదు.”

మరలు తిప్పి మౌంటు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. చిన్నదే గానీ బరువు. చల్లగా ఉంది, నూనె వాసన. దుర్బిణీ కన్నుకి ఆనించుకుని కిటికీలోంచి చూడమన్నాడు. అద్దం మధ్యలో కింద నుంచి పైకి ఒక నల్లటి మేకు మొన ఉంది. ఆ మొన మీద స్టేషను వంతెన మెట్లు వచ్చాయి. ఒకామె మెట్ల మీద కూర్చుని కాలి వేలి గోరు కత్తిరించుకుంటోంది. గోరు కూడా కనిపించేలా ఉంది. నాన్న కన్ను పెట్టిన చోట కన్ను పెట్టాను అని మనసులో అనుకున్నాను. అనుకుంటే ఏమైనా కలుగుతుందేమోనని. ఏమీ కలగలేదు. రెండో కన్ను మూసి ఉంచడం వల్ల నీళ్లు వచ్చాయంతే.

“ఏడుపొస్తే ఏడు అమ్మా. ఇక్కడ ఎవలూ లేరు.”

“రావడం లేదండి.”

“సర్లే. రాకపోతే మానీ.”

సొరుగులోంచి తెల్ల అట్టముక్కలు తీశాడు. పదిహేనో తారీఖున భవనం తెరుస్తారట. ఒక్కోదానికి కార్డు రాయాలి. ఈ మౌంటుకి విడిగా అద్దాలపెట్టె పెట్టిస్తానన్నాడు.

“పేరు రాస్తాను, నంబరు రాస్తాను. దాని కింద ఏటి రాయమంటావు? వీరమరణం అంటే ఫోటో ఇవ్వు, గోడ మీద మిగతా ఆల్లతో పాటు ఎట్టి దండేస్తాం. ఆచూకీ లేదంటే కార్డొకటే. నువ్వు కూతురివి, నువ్వేటంటే అది.”

“అమ్మని అడగాలి.”

“అమ్మ ఉన్నాదా?” అని నా మొహంలోకి చూశాడు. “ఎలాగుంటాది?” అన్నాడు. బొట్టు సంగతి అడుగుతున్నాడని నాకు అర్థమైంది. అది గ్రహించి ఆగిపోయాడు. “అడుగు. అడిగే సెప్పు” అన్నాడు.

ఇల్లు చేరేసరికి నాలుగైంది. అమ్మ వరండాలో చాట ముందేసుకుని పసుపు కొమ్ములు ఏరుతోంది. పుచ్చువి ఒక పక్కకి, గట్టివి ఒక పక్కకి. మా ఆయన గణపతిరావు మిల్లు నుంచి అప్పుడే వచ్చి మెట్టు మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటున్నాడు. కుసుమ లోపల ఫోనులో ఉంది.

“జాకెట్లు కొలతకిచ్చినావా?” అంది అమ్మ.

“లేదు. సంచిలోనే ఉన్నాయి. ఆమదాలవలస వెళ్లాను.”

అమ్మ తల ఎత్తలేదు. ఆ స్టేషనులోనే నాన్నని రైలెక్కించింది. ఆ తర్వాత ఆ ఊరు వెళ్లవలసిన పని ఏదైనా పడితే ఇంకెవరినైనా పంపేది.

చెప్పాను. మూడు తుపాకులు, నంబర్లు, దొంగ మౌంటు, అన్నీ వరసగా చెప్పుకుంటూ వచ్చాను. ఫోటో చూపించాను. కళ్లజోడు లేకుండా ఫోను దూరంగా పట్టుకుంది.

“నంబరు సదువు.”

“ఆర్ ముప్పై నాలుగు వేల ఐదు వందల పదిహేడు.”

నాతోపాటే ఆమె పెదాలు కదిలాయి.

“తుపాకీ?”

“రాలేదు.”

“ఇది ఎవలు తీసినారు మరి?”

“తెలియదు. నాన్న తీసి ఇచ్చి ఉండొచ్చు. పక్కనున్నతను తీసి ఉండొచ్చు.”

“ఆ ముసలాయన ఏటన్నాడు? సరిగ్గా సెప్పు. నువ్వు సగం మింగీసి సెప్తావు.”

మింగేద్దామనే అనుకున్నాను. బస్సులో వస్తూ అది మాత్రం నిర్ణయించుకున్నాను. కానీ అమ్మ అలా అడిగితే చిన్నప్పటి నుంచీ నా నోరు ఆగదు.

“ఇలాంటివి మూడు చూశాడట. మూడింటికీ మనిషి రాలేదట.”

అమ్మ రెండు కొమ్ములు తీసి చూసి, ఒకటి ఇటు, ఒకటి అటు వేసింది.

“మూడే సూసినాడా?”

“మూడే.”

“ఊఁ.”

మా ఆయన చెంబు కింద పెట్టేశాడు. కాళ్ల నుంచి నీళ్లు కారుతున్నా తువ్వాలు అందుకోలేదు.

“ఫోటో ఇమ్మన్నాడు. గోడ మీద పెట్టి దండేస్తారట. లేకపోతే ఆచూకీ లేదని కార్డు రాస్తాడట. మనల్నే చెప్పమన్నాడు.”

“ఏ ఫోటో? ఉన్నదొకటి. నౌపడ తిరణాల్లో తీయించుకున్నాం, ఆయన కూకున్నాడు, నాను పక్కన నిల్సున్నాను. నన్ను కత్తిరించి పారేసి ఆయనకి దండేస్తారేటి?”

“ఇప్పుడు కత్తిరించక్కర్లేదత్తా” అన్నాడు మా ఆయన. “కంప్యూటరులో నిన్ను తీసీస్తారు, ఆయనొక్కడే ఉంటాడు.”

“నన్ను తీసినోడు ఆయన బుజం మీద నా సెయ్యి ఏటి సేస్తాడు?”

ఆ ఫోటోలో చెయ్యి ఉన్న సంగతి నాకు తెలుసు. ఎప్పుడూ దాని గురించి అనుకోలేదు.

“ఫోటో లేదని సెప్పు” అంది అమ్మ. “సచ్చిపోనాడని మన సేత రాయించొద్దు. ఆల్లకి తెలిస్తే ఆల్లే రాసుకోమను. ఇన్నాళ్లూ భావించినారు కదా, ఇంకా భావించుకోమను. నీకు ఆ మాట నోటంట వస్తే నువ్వు సెప్పుకో. నాకు రాదు.”

నాకు వస్తుందేమో. దాన్ని నోట్లో తిప్పి చూసుకున్నాను. చనిపోయాడు. మా నాన్న చనిపోయాడు. ఎవరో పక్కింటివాళ్ల సంగతిలాగే ఉంది.

“సరే” అన్నాను.

కొమ్ములు ఏరడం అయిపోయాక చాట పక్కకి నెట్టి, “రాజకుమారికి ఫోను కలుపు” అంది.

“ఇప్పుడెందుకు? నేను మాట్లాడతాలే.”

“కలపమన్నానా?”

కలిపి స్పీకరులో పెట్టాను. కుసుమ లోపలినుంచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“రాజకుమారీ, నాను గున్నమ్మని. బాగున్నావా? నీ మోకాలు ఎలాగున్నాది? ఆఁ. ఇదిగో, ఒక మాట. మా ఆయన సామాను దొరికినాది. మడిసి దొరకలేదు. ఉన్నాడనీ తెలీదు, లేడనీ తెలీదు. అంచేత మొదటి రోకలి నాను పట్టను. నీలవేణి పడతాది.”

“అయ్యో పెద్దమ్మా, మేము అలాగనలేదు. మా అత్తగారు ఉత్తినే...”

“నువ్వనలేదు. మీ అత్తా తప్పుగా అడగలేదు. నానే మానుకుంటన్నాను. రేపు ఆల్లిద్దరూ గరిటె దగ్గర తగువాడుకున్నా, పుట్టిన గుంటకి జొరమొచ్చినా, ఆ మొదటి రోకలి ఎవలిదీ అని ఎవలో ఒకలు అంటారు. మీ అత్త అనకపోతే ఆవిడ సెల్లెలంటాది. ఆ మాట నా మనవరాలు ఇనకూడదు.”

అవతల టీవీ చప్పుడు తగ్గింది. “మీ ఇష్టం పెద్దమ్మా” అంది రాజకుమారి.

ఫోను పెట్టగానే కుసుమ వచ్చి అమ్మ ఎదురుగా కూర్చుంది. “నన్నడగలేదేంటి? పెళ్లి నాది. నాకు ఆ పట్టింపులు లేవు.”

“నీకు లేవు. అందుకే నాను ఎట్టుకుంటన్నాను.”

“అయితే నేను పసుపే కొట్టించుకోను. బజార్లో పొడి కొనుక్కుందాం.”

“కొనుక్కో. దాన్లో బియ్యప్పిండి కలుపుతారు. పెళ్లికూతురు మొకం దోసెలాగుంటాది.”

కుసుమ నవ్వు ఆపుకుందామని చూసి, కుదరక, విసురుగా లేచి లోపలికి పోయింది. తర్వాత గదిలో ఏడుస్తూ వినపడింది. ఈ ఇంట్లో ఏడ్చింది అదొక్కతే.

మర్నాడు పొద్దున్న నేను పనేమీ లేకుండా అద్దం దగ్గర తిరిగాను. అమ్మ స్నానం చేసి వచ్చి ఎప్పటిలాగే వేలితో మైనం అద్ది, దాని మీద కుంకం పెట్టుకుంది. నేను చూస్తున్నానని తెలుసు. “ఏటి?” అంది. “ఏమీ లేదు” అన్నాను. పది గంటలకి గంగులుగారికి ఫోను చేసి ఆచూకీ లేదనే రాయమన్నాను. ఫోటో లేదన్నాను. “మంచిది” అన్నాడాయన. ఏది మంచిదో నేను అడగలేదు.

శ్రావణంలో మొదటి మంచిరోజున పసుపు కొట్టాం. రోలుకి పసుపూ బొట్లూ పెట్టి, రోకళ్లకి మామిడాకులు కట్టారు. ఐదుగురం. నేనూ, మా ఆడపడుచూ, వీధిలోవాళ్లు ముగ్గురు. రాజకుమారి తన ఆడపడుచుల్ని ఇద్దర్ని వెంటపెట్టుకుని వచ్చింది. మొదటి రోకలి నేను పట్టాను. కొమ్ములు రోట్లో కదిలాయి గానీ ఒక్కటీ నలగలేదు.

“ఆ రోకలిని జోకొడతన్నావేటే? ఎత్తి కొట్టు” అని వినపడింది వరండా మెట్టు మీద నుంచి. అమ్మ అక్కడ కూర్చుంది, లోపలికి రాకుండా, బయటికి పోకుండా.

“మీ అమ్మ అక్కడ కూకునే కొట్టిస్తాది” అంది మా ఆడపడుచు. అందరూ నవ్వారు. రాజకుమారి కూడా నవ్వింది. నేను ఎత్తి కొట్టాను. కళ్లలో, ముక్కులో పసుపు. ఎవరో పాట అందుకున్నారు. పది దెబ్బలైతే చాలు, మిగతాది మిల్లులో పట్టిస్తాం. నేను ఇరవై దాకా కొట్టినట్టున్నాను. మా ఆడపడుచు నా చేతిలోంచి రోకలి లాక్కుంది.

జల్లించడం అయ్యాక తాంబూలాల పళ్లెం పట్టుకున్నాను. ఆకులు, వక్కలు, రెండేసి అరటిపళ్లు, జాకెట్ ముక్క. ఒక్కొక్కరి కాళ్లకి పసుపు రాసి, బొట్టు పెట్టి, తాంబూలం చేతికిచ్చాను. వీధిలోవాళ్లకి అయింది. ఆడపడుచుకి అయింది. రాజకుమారికీ ఆమె ఆడపడుచులకీ అయింది. వరండాలోకి వచ్చాను. వెనక మాటలు తగ్గాయి.

అమ్మ నన్ను చూసి కాళ్లు చీరలోకి లాక్కుంది.

“నాకొద్దు. ఆల్లకియ్యి” అంది, నాకు మాత్రమే వినపడేలా.

“వాళ్లకి అయిపోయింది.”

“నీకు తెలీదేటి? ఆ ముసలాయన సెప్పింది...”

“తెలుసు.”

పళ్లెం కింద పెట్టి నేల మీద కూర్చున్నాను. చీర అంచు జరిపి ఆమె కుడికాలు ఇటు లాక్కున్నాను. మడమ పగుళ్లలో మన్ను ఇంకా ఉంది. పసుపు రాశాను. ఎడమకాలు ఆమే ముందుకి పెట్టింది. రాజకుమారి గుమ్మంలో నిలబడి చూస్తోందని నాకు తెలుసు. తలెత్తి చూడలేదు. కుంకం తీసి పొద్దున్న ఆమె పెట్టుకున్న బొట్టు మీదే పెట్టాను.

“ఎక్కువెట్టినావు. ముక్కు మీదకి రాల్తంది” అంది అమ్మ.

చీర కొంగుతో ముక్కు తుడిచాను. తాంబూలం ఒళ్లో పెట్టాను. గుమ్మంలోంచి రాజకుమారి, “వదినా, మంచినీళ్లు ఎక్కడున్నాయి?” అని అడిగింది. చెప్పాను. అప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని కాసేపు అలాగే కూర్చున్నాను. రాలేదు. పళ్లెంలో ఇంకా రెండు తాంబూలాలు ఉన్నాయి. ఎవరికి ఇవ్వాలో చూసుకుంటూ లేచాను.